స్కేల్ మోడళ్లు: మొదటి కిట్టు నుంచి ఎయిర్‌బ్రష్ దాకా ఖర్చు లెక్క

ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి చిన్న విమానాలు, ట్యాంకులు చేస్తుంటాను. "ఈ హాబీకి మొత్తం ఎంతవుతుందండీ?" అని నెలకు నలుగురైనా అడుగుతారు. సూటిగా చెప్తున్నా: మొదటి విమానం పూర్తయ్యేసరికి ఐదారు వేలు, రెండోది రెండు వేల లోపు. ఆ తేడా ఎక్కడిదో తెలిస్తే మిగతా లెక్క మీరే వేసుకోగలరు.

అందరూ కిట్టు, అంటే ఆ ముక్కలున్న పెట్టె, ధర చూసి వెనకడుగు వేస్తారు. అసలు ఖర్చు మాత్రం కిట్టు పక్కన ఒక్కొక్కటిగా వచ్చి చేరే సీసాల్లో, స్ప్రే డబ్బాల్లో, విప్పకుండా అటక ఎక్కిన పెట్టెల్లో ఉంటుంది. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అన్న సామెత మా ఇంట్లో నా బల్లను చూపించే వాడతారు. ఆదాయం ఎలాగూ లేదు కాబట్టి, పోయేదైనా లెక్కగా పోవాలని ఇదంతా రాస్తున్నాను.

ధరలన్నీ నేను కొన్నవాటిని బట్టి ఉజ్జాయింపుగా వేసినవి. మీ ఊళ్లో, మీరు కొనే రోజుకి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

1. ముందు ఒక నోట్‌బుక్, మూడు వరుసలు

ఏదీ కొనకముందే ఒక పేజీలో మూడు వరుసలు గీయండి.

- ఒకసారి కొనేవి: నిప్పర్ (ముక్కలు కత్తిరించే కట్టర్), కత్తి, కటింగ్ మ్యాట్, ట్వీజర్, బ్రష్షులు.
- అరిగిపోయేవి: జిగురు, సాండ్‌పేపర్, టేపు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), వార్నిష్, బ్లేడ్లు.
- కిట్టుకు మాత్రమే పడేవి: కిట్టు, దానికోసం కొత్తగా కొన్న రంగులు, డెకాళ్లు (గుర్తులు, అంకెలు ఉండే పల్చటి స్టిక్కర్లు).

మొదటి కిట్టుకి మూడు వరుసలూ నిండుతాయి. రెండో కిట్టుకి మొదటి వరుస ఖాళీగా ఉండాలి. అందులో మళ్లీ ఏదో రాయాల్సి వస్తోందంటే, మొదటిసారి నాసిరకం కొన్నారు లేదా అక్కర్లేనిది కొంటున్నారు.

2. స్కేలు తేల్చుకోవడం

1/72 అంటే అసలు వస్తువులో డెబ్భై రెండో వంతు. రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకి 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. 1/48లో 23.4 సెంటీమీటర్లు.

పొడవు ఒకటిన్నర రెట్లే కదా అనుకోకండి. రంగు పూయాల్సిన ఉపరితలం రెండుంపావు రెట్లు అవుతుంది. రంగు, ప్రైమర్, సాండ్‌పేపర్, షెల్ఫులో చోటు అన్నీ ఆ మేరకు పెరుగుతాయి.

వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన నౌకాదళ విమానం టీయూ-142 చూసి "దీన్నే చేస్తా" అని ఉత్సాహపడిన కుర్రాళ్లు నాకు తెలుసు. దాని పొడవు దాదాపు 53 మీటర్లు. 1/72లో చేస్తే 74 సెంటీమీటర్లు, అంటే మామూలు బీరువా అరలో పట్టదు. 1/144లో 37 సెంటీమీటర్లు, అది ఫర్వాలేదు.

మొదటి కిట్టు ఇలా ఉండాలి:

- 1/72లో ఒక ఇంజిను, ఒక సీటు విమానం. ట్యాంకులు ఇష్టమైతే 1/35లో చిన్న వాహనం.
- వంద లోపు భాగాలు.
- బయటి భాగం మూడు నాలుగు రంగులతో అయిపోయే స్కీము.
- బైప్లేన్లు (ఒకదానిపై ఒకటి రెండు వరుసల రెక్కలుండేవి) వద్దు. రెక్కల మధ్య తీగలు కట్టడంలోనే ఓపిక అయిపోతుంది.

3. కిట్టు ఎంచుకోవడం, పెట్టె మీది బొమ్మను నమ్మకపోవడం

ఈ రంగంలో అచ్చులు దశాబ్దాల పాటు బతుకుతాయి. అరవైల్లో చేసిన అచ్చుతో తీసిన ప్లాస్టిక్‌నే కొత్త బొమ్మ వేసిన పెట్టెలో పెట్టి ఇవాళ అమ్ముతుంటారు. మూడొందలు తక్కువకు వచ్చిందని తెచ్చుకుంటే రెక్కకీ బాడీకీ మధ్య గోరు దూరేంత సందు ఉంటుంది. మిగిల్చిన మూడొందలు పుట్టీకి, సాండ్‌పేపర్‌కి పోతాయి.

కొనేముందు స్కేల్‌మేట్స్ సైటులో కిట్టు పేరు కొట్టండి. ఆ అచ్చు ఏ సంవత్సరానిదో, ఎన్నిసార్లు పెట్టె మార్చుకుందో వరుసగా చూపిస్తుంది. అచ్చు 2010 తర్వాతది అయితే కొత్తవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు.

ఇంకో పొరపాటు మనవాళ్లు ప్రత్యేకంగా చేస్తారు. 1971 యుద్ధంలో శ్రీనగర్ మీద మన వాయుసేన పైలట్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపిన నాట్ ఫైటర్ చేయాలని ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1/72 నాట్ కొంటారు. భారత వాయుసేన డెకాళ్లు విడిగా తెప్పించుకుంటారు. పెట్టె విప్పాక చూస్తే రెండు సీట్లు! ఆ కిట్టు బ్రిటన్ విన్యాసాల దళం రెడ్ యారోస్ ఎగరేసిన శిక్షణ విమానం. సెఖోన్‌ది ఒక సీటు ఫైటర్. ముక్కు నుంచి తోక దాకా కొలతలు వేరు కాబట్టి కోసి అతికించినా కుదరదు. డెకాళ్ల డబ్బు, పోస్టేజీ రెండూ వృథా. మన విమానమే చేయాలనుకుంటే ముందు ఏ వేరియంటో చూసుకుని, ఆ వేరియంటు కిట్టు దొరికాకే డెకాళ్లు కొనండి.

4. అసలు నచ్చుతుందో లేదో తెలియనివాళ్లకి

స్టార్టర్ సెట్టు కొనండి. కిట్టు, చిన్న చిన్న గిన్నెల్లో రంగులు, బ్రష్, జిగురు ట్యూబు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. దాదాపు 1,700 రూపాయలు. దానికి 250 పెట్టి నిప్పర్, 200 పెట్టి కత్తి, వంద రూపాయల సాండ్‌పేపర్ కలిపితే 2,250. అందులో వచ్చే బ్రష్ గొప్పగా ఉండదు, అయినా ఒక కిట్టుకి చాలు.

నెల తర్వాత ఆ విమానం పూర్తయి షెల్ఫులో ఉంటే కింది విభాగానికి రండి. సగంలో ఆగి మంచం కింద ఉంటే, రెండు వేలతో బయటపడ్డారు.

5. పనిముట్లు, కొనాల్సిన వరుస

- నిప్పర్, 250: భాగాలను స్ప్రూ (అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కత్తిరించడానికి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే, ఒకవైపు చదునుగా ఉండే వైర్ కట్టర్ సరిపోతుంది. గోళ్ల కత్తెర వద్దు, ప్లాస్టిక్ నలిగి తెల్లబడుతుంది.
- హాబీ కత్తి, అదనపు బ్లేడ్లు, 200.
- ఎ4 కటింగ్ మ్యాట్, 250. డైనింగ్ టేబుల్ గీతలు పడితే అయ్యే ఖర్చు ఈ లెక్కలో వేయలేదు.
- సాండ్‌పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు, మొత్తం 100. నీళ్లలో తడిపి రుద్దే నల్లరకం అడగండి. బైకు రిపేరు సామాన్లు అమ్మేచోట ఉంటుంది.
- సన్నమొన ట్వీజర్, 100.
- మాస్కింగ్ టేపు, 150.
- సింథటిక్ బ్రష్షులు మూడు, 250: సున్నా నంబరు, 2 నంబరు, ఒక చదునుది.
- పల్చటి ప్లాస్టిక్ సిమెంటు, 500.

మొత్తం 1,800.

ఇంట్లో ఉన్నవాటితో నడిచేవి: బట్టల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, పళ్లపుల్లలు, ఇయర్ బడ్స్, మాత్రలు అయిపోయిన స్ట్రిప్పులు. ఆ స్ట్రిప్పు గుంటలు ఒక్కో రంగుచుక్క కలుపుకోవడానికి కొలిచి చేసినట్టు ఉంటాయి. పదిహేను వందలు పెట్టి జపాన్ నిప్పర్ మొదట్లోనే కొనకండి. అది నిజంగా బాగుంటుంది, కానీ మందపాటి స్ప్రూ ఒక్కసారి కత్తిరిస్తే అంచు విరుగుతుంది.

6. జిగురు: ఫెవిక్విక్ ఎక్కడ, సిమెంటు ఎక్కడ

కిట్లు పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌తో చేస్తారు. మోడల్ సిమెంటు అంటించదు, కరిగిస్తుంది. రెండు అంచులూ కొద్దిగా కరిగి ఒకటైపోయి గట్టిపడతాయి. అందుకే రెండు భాగాలను ముందు పొడిగా కలిపి పట్టుకుని, సందులో బ్రష్ మొన తాకించాలి. ద్రవం దానంతటదే లోపలికి పాకుతుంది. కాస్త ఆగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా పైకి ఉబుకుతుంది. మరుసటి రోజు దాన్ని గీకి రుద్దేస్తే సీమ్ లైన్ (అతుకు గీత) మాయం. పుట్టీ ఖర్చు లేదు.

ఫెవిక్విక్ లోహపు భాగాలకి, రెజిన్‌కి. అద్దాల జోలికి మాత్రం రానివ్వొద్దు. నా మూడో కిట్టులో కాక్‌పిట్ అద్దానికి రెండు చుక్కలు వేసి, గాలి ఆడకుండా పెట్టెలో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే అద్దం లోపలంతా తెల్లటి పొగ. ఆ జిగురు ఆవిరి అద్దం మీద పేరుకుని గట్టిపడుతుంది. పైలట్ కనపడలేదు, నాకూ నిద్ర పట్టలేదు.

- అద్దాలకి పలచన చేసిన ఫెవికాల్ వాడండి. పారదర్శకంగా ఆరుతుంది, ఎక్కువైతే తడి బడ్‌తో తుడవొచ్చు.
- అప్పటికే పొగ పడితే అద్దం ఊడదీసి, 2000 సాండ్‌పేపర్ తడిపి మెల్లగా రుద్ది, తెల్ల టూత్‌పేస్ట్‌తో పాలిష్ చేయండి. చాలావరకు వెనక్కి వస్తుంది.
- సన్న సందులకి పుట్టీ కొనక్కర్లేదు. మిగిలిన స్ప్రూని చిన్న ముక్కలు చేసి, అడుగంటిన సిమెంటు సీసాలో వేసి మూత పెట్టండి. రెండు రోజుల్లో చిక్కటి పేస్టవుతుంది. అదే ప్లాస్టిక్ కాబట్టి కిట్టుతో సమానంగా అరుగుతుంది.

7. రంగులు: డబ్బు కారిపోయేది ఇక్కడే

కిట్టు కన్నా రంగులకే ఎక్కువ పెట్టడం కొత్తవాళ్లందరికీ జరిగేదే. కిట్టులోని ఇన్‌స్ట్రక్షన్ షీటు పదకొండు రంగులు అడుగుతుంది, మనం పదకొండూ కొంటాం.

ఆ షీటు ముందు పెట్టుకుని ఇలా చేయండి:

- ప్రతి రంగు పక్కన అది ఎంత భాగానికి వాడతారో రాయండి.
- బియ్యపు గింజంత భాగానికి అడిగిన రంగుని కొట్టేయండి. ఉన్నవాటిని కలిపి చేసుకోవచ్చు.
- టైరుకి విడిగా రంగు వద్దు. నలుపులో రెండు చుక్కల తెలుపు కలిపితే టైరు రంగే.
- మిగిలినవాటినే కొనండి.

స్పిట్‌ఫైర్‌కి ఇలా వడపోస్తే ఆరు మిగులుతాయి: ముదురాకుపచ్చ, మట్టిరంగు, కింది భాగానికి లేత రంగు, కాక్‌పిట్ లోపలి ఆకుపచ్చ, నలుపు, తెలుపు. ఒక్కోటి 260 అనుకుంటే 1,560. ఆ నలుపు, తెలుపు ఇంకో పది కిట్లకి వస్తాయి.

ఏ రకం కొనాలన్నది మీరు ఎలా పూస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలియక వెయ్యి రెండు వేలు పారబోసినవాళ్లు ఎందరో.

బ్రష్‌తో పూసేవాళ్లు వల్లెహో మోడల్ కలర్ లాంటి నీటి ఆధారిత రంగులు కొనండి. డ్రాపర్ సీసా కాబట్టి చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు, వృథా ఉండదు. తమియా అక్రిలిక్‌లు ఎయిర్‌బ్రష్‌లో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు) అద్భుతంగా ఉంటాయి గానీ మామూలు బ్రష్‌కి లొంగవు. వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. రెండో కోటు పూస్తుంటే మొదటి కోటు కరిగి బ్రష్‌తో పాటు లేచి వస్తుంది. పేరు చూసి అవే కొని, "నా చేయి బాగాలేదు" అని నిరుత్సాహపడతారు.

స్టేషనరీ షాపులో దొరికే ఆర్ట్ అక్రిలిక్‌లు చవకే. డయోరమాలో (మోడల్ చుట్టూ కట్టే చిన్న దృశ్యం) నేలకి, రాళ్లకి హాయిగా వాడొచ్చు. విమానం మీద మాత్రం వాటి పొర మందంగా ఉండి ప్యానెల్ గీతలు (రేకుల అతుకుల్ని చూపే సన్న గాట్లు) పూడిపోతాయి.

పూసే వరుస:

- భాగాలను గిన్నెలు తోమే సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోతుంది.
- పల్చగా ప్రైమర్ స్ప్రే. దీనికో 550. కార్ల ప్రైమర్ వాడితే ముందు ఖాళీ స్ప్రూ మీద కొట్టి చూడండి, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి.
- లేత రంగులు ముందు, ముదురువి తర్వాత.
- రంగులో కాస్త నీళ్లు కలిపి పాలచిక్కన చేసుకుని మూడు పల్చటి కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య కనీసం అరగంట.
- నిగనిగలాడే క్లియర్ కోటు, ఆ తర్వాత డెకాళ్లు, చివర మ్యాట్ వార్నిష్. వార్నిష్ డబ్బా 600.

మొదటి కోటు చూసి భయపడకండి. చారలు చారలుగా, సగం ప్రైమర్ కనపడుతూ, పిల్లలు పూసినట్టుంటుంది. అక్కడే ఇంకాస్త చిక్కగా పూసి సరిచేద్దామనిపిస్తుంది. బ్రష్ కింద పెట్టి టీ తాగి రండి. మూడో కోటుకి సమానమవుతుంది.

వానాకాలంలో స్ప్రే డబ్బాలు వాడొద్దు. గాలిలో తేమ పట్టుకుని క్లియర్ కోటు పాలలా తెల్లబడుతుంది. జులై, ఆగస్టుల్లో అతికించే పనులు పెట్టుకుని, ఎండ కాసే రోజు మధ్యాహ్నం స్ప్రే చేయండి.

8. మొదటి రెండు కిట్ల లెక్క

మొదటిది: పనిముట్లు 1,800, కిట్టు 1,200, రంగులు 1,560, ప్రైమర్ 550, వార్నిష్ 600. మొత్తం 5,710. పాతిక గంటల పని అనుకుంటే గంటకు 228 రూపాయలు.

రెండోది: కిట్టు 1,200, కొత్త రంగులు రెండు 520, అరిగినవాటికి 200. మొత్తం 1,920. గంటకు 77.

మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌తో కలిపి మూడు గంటలకు ఎంతవుతుందో మీకే తెలుసు. ఇంట్లో ఎవరైనా అడిగినప్పుడు ఈ 77 చెప్పండి, 5,710 చెప్పకండి.

9. ఎయిర్‌బ్రష్: ఎప్పుడు, ఎంత

కనీసం ఐదు కిట్లు పూర్తి చేశాక. "పూర్తి" అంటే డెకాళ్లు, వార్నిష్‌తో సహా.

ధర అడిగినప్పుడు దుకాణదారుడు ఎయిర్‌బ్రష్ ఒక్కదానికే చెప్తాడు. నిజమైన లెక్క ఇది:

- డ్యూయల్ యాక్షన్ (గాలిని, రంగుని విడివిడిగా అదుపు చేసేది), పైన గిన్నె ఉండే రకం, 0.3 మి.మీ. నాజిల్: 2,000
- ట్యాంకు ఉన్న కంప్రెసర్, నీళ్లు పట్టే ట్రాప్‌తో: 6,500
- ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్: 1,500
- థిన్నర్, క్లీనర్, చిన్న బ్రష్షుల సెట్టు: 1,000

పదకొండు వేలు. రెస్పిరేటర్ మానేసి మిగిల్చుకుందామనుకోకండి. గుడ్డ మాస్కు పొగమంచులాంటి రంగుని కొంత ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. కిటికీ తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టండి. పొయ్యి ఉన్న గదిలో అసలే వద్దు.

ట్యాంకు లేని చిన్న కంప్రెసర్ రెండు వేలు తక్కువ. కానీ గాలి ఒక ఊపులో రాదు, చుక్కలు పడతాయి. ఆరు నెలల్లో దాన్ని అమ్మి ట్యాంకుది కొంటారు.

తమియా రంగైతే ఒక వంతు రంగు, ఒక వంతు థిన్నర్ నుంచి మొదలుపెట్టి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ దగ్గర పెట్టి కాగితం మీద గీత గీసి చూడండి. సాలీడు కాళ్లలా పాకితే పలచనైంది, ఇసుక జల్లినట్టు గరుగ్గా పడితే చిక్కనైంది లేదా దూరం ఎక్కువైంది. పని అవగానే కడగాలి. "భోంచేసి వచ్చి కడుగుతా" అన్నరోజే నాజిల్ మూసుకుపోతుంది, కొత్తదానికి మళ్లీ నాలుగైదు వందలు.

10. విదేశం నుంచి తెప్పించేటప్పుడు

మన దగ్గర కిట్ల ధరలు ఎందుకిలా ఉన్నాయంటే, కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు 9503 శీర్షిక కింద బొమ్మలతో కలిసే ఉన్నాయి. బొమ్మల మీద బేసిక్ డ్యూటీ 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దుకాణాలు ఆ భారం మన మీదే వేస్తాయి.

సొంతంగా తెప్పిస్తే పన్ను వస్తువు ధర మీదే కాదు, పోస్టేజీ కూడా కలిపిన మొత్తం మీద పడుతుంది. ఆపైన జీఎస్టీ, కొరియర్ వాళ్ల ఫీజు. "అక్కడ సగం ధరే" అని ఆర్డర్ పెట్టేముందు అప్పటి రేటు కనుక్కుని మొత్తం కూడండి. ఇక్కడ దొరికే కిట్టుకైతే తరచూ ఇక్కడే చవక.

అమెరికా నుంచి బావగారో, మేనకోడలో వస్తున్నారంటే మనకు పండగే. వాళ్లని ఇబ్బంది పెట్టకుండా అడగాల్సినవి:

- ఇక్కడ దొరకని కిట్టు ఒకటి, పెట్టె లేకుండా. స్ప్రూలు, డెకాళ్లు, షీటు కవర్లో పెట్టి బట్టల మధ్య సర్దమనండి.
- డెకాళ్లు, లోహపు భాగాలు. కవరంత బరువు కూడా ఉండవు.
- నిప్పర్, బ్లేడ్లు చెక్-ఇన్ బ్యాగులోనే.
- మండే స్వభావమున్న రంగులు, సిమెంటు, థిన్నర్, స్ప్రే డబ్బాలు అడగొద్దు. విమానంలో వాటిని అనుమతించరు, మీ సీసా కోసం బావగారు ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పాల్సి వస్తుంది.

11. చెడిపోయినవి బాగుచేసుకోవడం

- చిన్న భాగం ఎగిరిపోయింది: ఒడిలో తువ్వాలు పరుచుకుని కత్తిరించండి, లేదా చేతులు పెద్ద పాలిథిన్ కవర్లో పెట్టి కత్తిరించండి. ఊడ్చేముందు చీపురు మీకే ఇవ్వమని ఇంట్లో చెప్పి ఉంచండి.
- డెకాల్ కింద వెండిలా మెరుస్తోంది: గరుకు ఉపరితలం మీద అతికించారు, కింద గాలి ఉండిపోయింది. సూదితో అక్కడక్కడా గుచ్చి డెకాల్ సాఫ్ట్‌నర్ (దాన్ని మెత్తబరిచే ద్రవం) ఒక చుక్క వేయండి.
- పాత డెకాళ్లు పసుపెక్కాయి: కిటికీ అద్దానికి ఎండ తగిలేలా టేపుతో అంటించి వారం పది రోజులు ఉంచండి. కొత్తవి కొనక్కర్లేదు.
- రంగు మొత్తం పాడైంది: కిట్టు పారేయొద్దు. అక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. డెట్టాల్ కూడా పనిచేస్తుంది, కానీ తీసిన వెంటనే నీళ్లు తగిలితే రంగు బంకలా అంటుకుంటుంది. ముందు ఇంకాస్త డెట్టాల్‌తోనే కడిగి, ఆ తర్వాత సబ్బునీళ్లు.
- యాంటెన్నా విరిగింది: స్ప్రూ ముక్కని కొవ్వొత్తి మంటకి పైన తిప్పుతూ, మెత్తబడగానే పక్కకి తీసి లాగండి. వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది.

12. అటక మీది పెట్టెలు

నా నోట్‌బుక్‌లో నాలుగో ఏడాది చివర కూడి చూసుకుంటే, కట్టిన కిట్ల మీద పెట్టిన దానికన్నా విప్పని కిట్ల మీద పెట్టింది ఎక్కువ. డిస్కౌంటు చూసి కొన్నవే అన్నీ. మనవాళ్లు దీన్ని స్టాష్ అంటారు, మా ఆవిడ వేరే మాట అంటుంది.

ఇప్పుడు నేను పాటించేది ఇదొక్కటే: ఒకటి పూర్తయితే ఒకటి కొనడం, ఇంట్లో విప్పనివి ఐదు దాటకపోవడం. దాటితే ఒకటి అమ్మాల్సిందే. లోపలి కవరు సీలు తీయని కిట్టుకి తోటి మోడలర్ల దగ్గర దాదాపు కొన్న ధర వస్తుంది. సీలు తీసి, రెండు భాగాలు కత్తిరించి చూసి మళ్లీ సర్దిపెట్టిన దానికి సగం కూడా రాదు. కాబట్టి "ఊరికే చూద్దాం" అని కవరు చింపకండి. ఇప్పుడు నా దగ్గర నాలుగున్నాయి, అన్నీ సీలు తీసినవే.